సంధిపత్రంలో పోయిన ఊరు

ఢిల్లీలో లజపత్ నగర్, రాజేంద్ర నగర్, జంగ్‌పురా వంటి పేటలలో పాత కాపురస్థులతో కాసేపు మాట్లాడితే, ఆ కుటుంబాలకు రెండేసి ఊళ్ళున్నవని తెలుస్తుంది. ఒకటి ఇప్పుడున్న ఊరు. రెండవది లాహోరో, ముల్తానో, రావల్పిండో. 1947లో రాడ్‌క్లిఫ్ దొర గీత గీసినప్పుడు ఆ ఊళ్ళవారిని ఎవరూ అడగలేదు. గీత ఎక్కడ పడినదో తెలిసేసరికి సామాను సర్దుకునే వ్యవధి కూడా చాలామందికి చిక్కలేదు.

ఇదే ఢిల్లీలో ఆదివారం ఉదయం కేరళ క్రైస్తవుల ప్రార్థన మందిరాలకు వెళితే మలయాళం మధ్య మధ్య సురియానీ మాటలు, పాతకాలపు సురియానీ బాణీలు వినవస్తాయి. వారి నిత్యప్రార్థనల పుస్తకంలో మార్ అప్రేం పేరుమీద ఒక విన్నపం వున్నది. పంక్తికి ఏడేసి అక్షరాలుగా నడిచే మెట్టు అది. ఈ మార్ అప్రేంనే తక్కిన ప్రపంచం సెయింట్ ఎఫ్రేమ్ అంటుంది. క్రైస్తవ మతాచార్యులలో తొలి తరాలవాడు, సురియానీ భాషకు మహాకవి, నాలుగవ శతాబ్దివాడు. లజపత్ నగర్ వృద్ధులకు ఆయన కథ చెబితే కొత్తగా తోచదు. ఆయన కూడా సంధిపత్రం మూలంగా ఊరు పోగొట్టుకున్నవాడే.

ఆ ఊరు నిసిబిస్. నేటి టర్కీ ఆగ్నేయపు కొసన, సిరియా సరిహద్దును ఆనుకొని వున్న నుసైబిన్ పట్టణమే అది. ఎఫ్రేమ్ 306వ సంవత్సర ప్రాంతంలో అక్కడ జన్మించాడంటారు. అప్పటికి అది రోమన్ సామ్రాజ్యానికి తూర్పు వాకిలి. వాకిలికి అవతల పారశీకం. 298లో కుదిరిన సంధి ప్రకారం ఉభయ సామ్రాజ్యాల మధ్య వర్తకమంతా నిసిబిస్ గుండానే జరగాలి. అందుచేత ఆ ఊరికి డబ్బుకు లోటు లేదు, భయానికీ లోటు లేదు. ప్రభుత్వ వ్యవహారం గ్రీకు, లాటిన్ భాషలలో నడిచేది. వీధిలో, ఇంటిలో, గుడిలో మాత్రం సురియానీ. అది ఏసు మాట్లాడిన అరమాయిక్ భాషకు దగ్గరి చుట్టం. ఎఫ్రేమ్ జీవితమంతా ఈ ఇంటిభాషలోనే వ్రాశారు. ఏలికల భాషలో వ్రాస్తే కలిసివచ్చే ప్రతిష్ఠ కోసం ఆయన వెంపరలాడినట్లు కనిపించదు. అయినా ఆయన రచనలు బ్రతికివుండగానో, పోయిన కొద్దికాలానికో గ్రీకులోకి వెళ్ళినవి. సాధారణంగా అనువాదాలు అటునుంచి ఇటు వచ్చే రోజులవి.

పెద్దవారందరికీ పుట్టినట్లే ఎఫ్రేమ్‌కూ తరువాతి కాలంలో కథలు పుట్టినవి. తండ్రి అన్యదేవతల పూజారి అనీ, కొడుకును ఇంటినుంచి వెళ్ళగొట్టాడనీ ఒకటి. ఈజిప్టు ఎడారిలో మునులను దర్శించాడనీ, కైసరియా వెళ్ళి బేసిల్ మహాశయుని కలిశాడనీ మరొకటి. ఇవన్నీ ఆరవ శతాబ్దంలో అల్లిన జీవితచరిత్ర తాలూకు అలంకారాలని పండితులు తీసివేశారు. తాను సత్యమార్గంలోనే పెరిగానని ఎఫ్రేమ్ స్వయంగా తన పద్యాలలో చెప్పుకున్నారు గనుక తండ్రి కథ నిలవదు. మిగిలిన సంగతులు కొద్దిపాటివే, కాని గట్టివి. నిసిబిస్ బిషప్పు యాకోబు ఆయనకు గురువు. ఈ యాకోబు 325లో నైసియాలో జరిగిన మహాసభకు హాజరైనవాడు. ఎఫ్రేమ్ ఆయన దగ్గర చదువుకుని, ఆ ఊరిలోనే ఉపాధ్యాయుడైనారు. చర్చిలో డీకన్ అనే పరిచారక పదవి స్వీకరించి జీవితాంతం దానితోనే తృప్తిపడ్డారు. పూజారి కూడా కాలేదు, బిషప్పు సంగతి అటుంచండి.

పారశీక చక్రవర్తి రెండవ షాపూర్ ఆ ఊరిని మూడుసార్లు ముట్టడించాడు. 338లో ఒకసారి, 346లో ఒకసారి, 350లో ఒకసారి. మూడవ ముట్టడి వర్ణన చదివితే నేటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఊరి పక్కన పారే ఏటికి ఆనకట్ట కట్టించి, ఆ నీటిని కోటగోడ మీదికి వదిలించాడు షాపూర్. గోడ ఒకచోట కూలిపోయింది. దండులో ఏనుగులు కూడా వున్నవి. భారతదేశం నుంచి వచ్చిన ఏనుగులనీ, వాటిపై ఇనుప బురుజులలో విలుకాండ్రు కూర్చున్నారనీ ఆనాటి రోమన్ రాకుమారుడు జూలియన్ ఒక ప్రసంగంలో వ్రాశాడు. మన దేశం పేరు ఎఫ్రేమ్ జీవితంలో తొలిసారి తగిలేది ఇక్కడే. తగిలిన తీరు మనకు గర్వకారణం కాదు. అయితే తాను వదిలిన నీరే షాపూర్‌కు ప్రతికూలమైంది. ఏనుగులు, గుర్రాలు బురదలో దిగబడిపోయినవి. పట్టణంవారు తెల్లవారేలోగా గండి పూడ్చారు. షాపూర్ వెనుదిరిగాడు. ఊరిని జలప్రళయంలో తేలిన నోవహు ఓడతో పోలుస్తూ, ఆ ఊరే నోరు విప్పి దేవునితో మొరపెట్టుకుంటున్నట్లుగా ఎఫ్రేమ్ పద్యాలు వ్రాశారు. నిసిబిస్ గీతాలనే సంపుటిలో అవి మొదట వస్తాయి.

మూడుసార్లు కత్తికి లొంగని ఊరు నాలుగవసారి కలానికి లొంగింది. 363లో చక్రవర్తి జూలియన్ పారశీకం మీదికి దండెత్తాడు. ఏనుగుల ప్రసంగం వ్రాసిన జూలియనే ఇతడు. క్రైస్తవాన్ని విడిచి పాత దేవతల పూజను తిరిగి నిలబెట్టబోయినవాడు. జూన్ 26న యుద్ధంలో గాయపడి మరణించాడు. శత్రుదేశం మధ్య, తిండిలేని సైన్యం మధ్య, జోవియన్ అనే అధికారిని ఆదరాబాదరా చక్రవర్తిని చేశారు. సింహాసనం నిలబెట్టుకోవాలంటే జోవియన్ ప్రాణాలతో ఇంటికి చేరాలి. షాపూర్ అడిగినదల్లా ఇచ్చాడు. టైగ్రిస్ అవతలి అయిదు మండలాలు, పదిహేను కోటలు, వాటితోపాటు నిసిబిస్. ముప్పై ఏళ్ళ శాంతికి అది ధర. ఊరు పారశీకులది, ఊరివారు మాత్రం వెళ్ళిపోవచ్చునన్నది షరతు.

ఆ సైన్యంతోనే నడిచి వచ్చిన అమ్మియానుస్ అనే చరిత్రకారుడు తరువాత జరిగినది కళ్ళకు కట్టించాడు. జోవియన్ నిసిబిస్ చేరి, సిగ్గుపడి ఊరిలోకి వెళ్ళలేదు, బయటనే గుడారం వేసుకున్నాడు. పారశీక ప్రతినిధి వచ్చి కోటమీద తమ జెండా ఎగురవేశాడు. పట్టణ ప్రముఖులు చక్రవర్తి కాళ్ళమీద పడ్డారు. సైన్యం అవసరం లేదు, డబ్బు అవసరం లేదు, అనుమతి ఇస్తే చాలు, మా గోడలు మేమే కాపాడుకుంటామన్నారు. ఆయన ప్రమాణం చేసి వున్నాడు గనుక కుదరదన్నాడు. ఖాళీ చేయడానికి మూడు రోజులు గడువు. మోసే పశువులు చాలక విలువైన సామాను ఇండ్లలోనే వదిలివేశారు. స్త్రీలు గడపలు పట్టుకొని విలపించారు. రోడ్లు జనంతో నిండిపోయినవి. చాలామంది అమిదా పట్టణానికి దారి పట్టారు. ఆ తరువాత షాపూర్ పారశీకపు లోపలి ప్రాంతాల నుంచి వేలాదిమందిని తెచ్చి ఖాళీ ఇండ్లలో నిలిపాడు. మన ఉత్తరాదిన జనం అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మారడం చూసినవారికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఎఫ్రేమ్‌కు అప్పటికి యాభై ఏడేళ్ళ వయస్సు. ఊరి బయట జూలియన్ శవపేటిక వున్నది. దానిని టార్సస్‌కు తీసుకుపోతూ దారిలో అక్కడ దించారు. ఎఫ్రేమ్ వెళ్ళి ఆ పేటిక పక్కన నిలబడి చూశారు. తల ఎత్తితే బురుజుమీద పారశీక జెండా. ఈ రెండింటినీ ఒకే చూపులో పట్టుకున్న పద్యాలు ఆయనవి వున్నవి. ఆ పద్యాలలో జూలియన్ మీద కసి ఎక్కువ. ఊరు పోవడానికి చక్రవర్తి మతభ్రష్టతే కారణమని ఆయన తీర్పు. క్రైస్తవుడే అయిన జోవియన్ చేతిరాత కింద ఊరు పోయిందన్న సంగతిని మాత్రం ఆయన మెత్తగా దాటవేశారు. నా బుద్ధికి అది న్యాయంగా తోచదు. మన పక్షంవాడు సంతకం చేస్తే తప్పు గత ప్రభుత్వానిదనడం నేటి అలవాటు మాత్రమే కాదని ఆ పద్యాలు చెబుతున్నవి. జోవియన్ ఎనిమిది నెలలు ఏలి 364 ఫిబ్రవరిలో మరణించాడు.

కాందిశీకుడుగా ఎఫ్రేమ్ చివరకు చేరినది ఎదెస్సా. నేటి టర్కీలోని ఉర్ఫా. నిసిబిస్‌లో క్రైస్తవులందరిదీ దాదాపు ఒకే మాట. ఎదెస్సా అటువంటిది కాదు. పది మతాలు, ఇరవై వాదాలు. అరియస్ అనుచరులు, మార్సియన్ అనుచరులు, మానీ అనుచరులు, బర్దైసాన్ అనుచరులు. చివరి ఇద్దరి పేర్లు మనం గుర్తుంచుకోదగినవి. మానీ మూడవ శతాబ్దంలో సింధు ప్రాంతం దాకా వచ్చి బౌద్ధుల మధ్య తిరిగి వెళ్ళినవాడు. బర్దైసాన్ ఎదెస్సా రాజు కొలువులోని పండితుడు, 222లో మరణించాడు. రోమన్ చక్రవర్తి దర్శనానికి సిరియా వచ్చిన భారత రాయబారులను కలుసుకొని, బ్రాహ్మణుల గురించి, శ్రమణుల గురించి అడిగి తెలుసుకొని గ్రంథస్థం చేసినవాడు. అందులోని భాగాలు గ్రీకు రచయితల ద్వారా నేటికీ మిగిలివున్నవి. ఎఫ్రేమ్ ప్రత్యర్థులకు మన దేశం గురించి ఎఫ్రేమ్‌కన్న ఎక్కువ తెలుసునన్నమాట.

బర్దైసాన్ పోయి నూటనలభై ఏళ్ళయినా అతని భావాలు ఎదెస్సాలో బ్రతికివుండటానికి కారణం తర్కం కాదు, పాట. దావీదు కీర్తనల లెక్కన నూటయాభై గీతాలు కట్టాడు. బాణీలు బాగుండటంతో పడుచువాళ్ళు పాడుకునేవారు. పాటతో పాటు సిద్ధాంతమూ నోటికి వచ్చేది. ఎఫ్రేమ్ ఖండన గ్రంథాలు వ్రాశారు, వచనంలో, దండిగా. కాని అసలు పని అక్కడ జరగదని గ్రహించారు. తానూ గీతాలు కట్టారు. శత్రువు బాణీలనే తీసుకొని వాటిలో తన మాటలు పొదిగారని తరువాతివారు చెప్పుకున్నారు. చరణం ఒకరు పాడితే పల్లవి అందరూ అందుకునే పద్ధతి. గణాలు, యతులు లేవు, అక్షరాల లెక్క ఒక్కటే. మన తెలుగు దేశంలో 1940ల నాటి ప్రజా నాట్యమండలివారు బుర్రకథను చేతబట్టినప్పుడు వేసుకున్న లెక్క ఇదే గదా.

ఇంతకన్న సాహసమైన పని ఇంకొకటి చేశారు. ఈ గీతాలు పాడటానికి స్త్రీలను కూడగట్టారు. ఒడంబడిక పుత్రికలనే పేరుతో బ్రహ్మచర్య వ్రతంలో వున్న స్త్రీలు ఆ చర్చిలో వుండేవారు. వారికి స్వయంగా నేర్పి, గుడి మధ్య నిలబెట్టి పాడించారు. స్త్రీ గుడిలో నోరు మెదపరాదనేవారు ఎక్కువగా వున్న కాలం అది. నూటయాభై ఏళ్ళ తరువాత సెరూగ్‌కు చెందిన యాకోబు అనే కవి ఎఫ్రేమ్‌ను స్తుతిస్తూ, మిగిలిన గొప్పలన్నిటికంటె దీనినే ఎత్తి చెప్పాడు. పురుషులతో సమంగా స్త్రీలు స్తోత్రం పలకటం కొత్త లోకానికి గుర్తు అని అతని భావం.

ఆయన సిద్ధాంతం గురించి రెండు మాటలైనా చెప్పకపోతే లోపమవుతుంది. ఆనాటి పెద్ద తగాదా ఏసు దేవునితో సమానుడా, సృష్టింపబడినవాడా అన్నది. నైసియా సభ సమానుడని తీర్మానించింది. అరియస్ పక్షంవారు కాదన్నారు. చక్రవర్తులు ఒకసారి ఇటు, ఒకసారి అటు మొగ్గేవారు. ఎఫ్రేమ్ నైసియా పక్షం. అయితే ఆయన వాదించిన తీరు వేరు. గ్రీకులు నిర్వచనాలతో కొట్లాడుతుంటే, దైవాన్ని నిర్వచనంలో బంధించబోవడమే తప్పు అన్నారు. తనకన్న గొప్పదానిని బుద్ధి కొలవలేదు. మరి తెలిసేదెట్లా? దేవుడు తనంత తాను మనిషి భాషలో ఉపమానాలు తొడుక్కొని దిగివస్తాడు. ప్రకృతి ఒక గ్రంథం, వేదం ఒక గ్రంథం, రెండింటి నిండా ఆ గుర్తులే. విశ్వాస గీతాలు 87 వ్రాస్తే, వాటిలో అయిదు కేవలం అరచేతిలోని ఒక ముత్యాన్ని చూస్తూ సాగుతాయి. ఇటువైపు నుంచి చూస్తే ఒక వెలుగు, అటునుంచి మరొకటి, కోసి చూడబోతే ముత్యమే వుండదు. నేతి నేతి అన్న ఉపనిషత్తు పుట్టిన నేలమీద ఈ వైఖరి అర్థం కావటం కష్టమేమీ కాదు.

ఇంత వినయం పరమాత్మ విషయంలోనే. ఎదుటి మనుషుల విషయంలో ఆయనకు వినయం లేదు. యూదుల మీద ఆయన వ్రాసిన పద్యాలు చదవటం నేడు కష్టంగా వుంటుంది. పక్కింటి యూదుల పండుగకు పోయే తన క్రైస్తవులను నిలువరించాలన్నది ఆయన తాపత్రయం కావచ్చు. మాటలు మాత్రం ద్వేషపు మాటలే. అటువంటి మాటలు యూరపులో పదిహేనువందల ఏళ్ళపాటు ఏ దారులు తొక్కినదీ లోకం ఎరుగును. మానీని, బర్దైసాన్‌నీ తిట్టిన తీరులోనూ సంయమనం లేదు. ఆయనను పూజించేవారు ఈ పుటలను మెల్లగా తిప్పివేస్తారు. తిప్పివేయకుండా చదవటమే ఆయనకు మర్యాద అని నా అభిప్రాయం.

మన దేశం ఆయన పద్యాలలోనే ఎదురయ్యే చోటు ఒకటున్నది. ఏసు శిష్యుడు తోమా అస్థికలు ఎదెస్సాలో వున్నవని ఆనాటి విశ్వాసం. ఒక వర్తకుడు వాటిని భారతదేశం నుంచి తెచ్చాడని ప్రతీతి. ఎఫ్రేమ్ ఒక గీతంలో సైతానును మాట్లాడించారు. భారతదేశంలో చంపించిన శిష్యుడు తనకన్న ముందే ఎదెస్సా చేరి కూర్చున్నాడని సైతాను గోల పెడతాడు. ఇండియా అన్న మాటకు ఆనాటి హద్దులు స్పష్టమైనవి కావు గనుక దీనిని కేరళకు చారిత్రక సాక్ష్యంగా చూపేవారు కొంత జాగ్రత్తగా వుండాలి. అయినా నాలుగవ శతాబ్దంలో ఒక పెద్ద కవి ఆ కథను అందరికీ తెలిసినదానిగా వాడుకున్నాడనేది కాదనలేని సంగతి.

చివరి ఘట్టానికి వస్తాను. 372, 373 సంవత్సరాలలో ఎదెస్సాలో కరువు వచ్చింది. ధాన్యం వున్నవారు గాదెలు మూసుకున్నారు. మనిషి వీధిలో పడి చచ్చిపోతున్నాడు. ఎఫ్రేమ్ అప్పటికి అరవై దాటి, ఊరి బయట ఏకాంతంగా వున్నారు. గది విడిచి వచ్చి ధనికులను నిలదీశారు. పంచటానికి నమ్మదగిన మనిషి ఒక్కడూ దొరకడం లేదు, అందరూ తినేసేవారే అన్నారు వారు. సహాయనిధుల గురించి మనం వినే సమాధానమే. మరి నా సంగతేమిటి అని అడిగారు ఎఫ్రేమ్. ఆయనను కాదనగలిగినవారు ఆ ఊళ్ళో లేరు. డబ్బు ఇచ్చారు. ఆయన బజారు మంటపాలకు అడ్డుతెరలు కట్టించి, మూడువందల పడకలు వేయించారు. ఆకలిగొన్నవారికి తిండి, జబ్బుపడినవారికి శుశ్రూష, దిక్కులేక పోయినవారికి ఖననం. ఊరివారికే కాక చుట్టుపల్లెల నుంచి వచ్చినవారికి కూడా. 1952లో రాయలసీమ గంజికేంద్రాల ముందు వరుసలు చూసిన తరం ఇప్పుడు తగ్గిపోయింది గాని, పెద్దల నోట విన్నవారికి ఆ దృశ్యం ఊహకు అందుతుంది. కవిగా, సిద్ధాంతకర్తగా ఎంత ప్రసిద్ధుడైనా, ఆయన పోయిన యాభై ఏళ్ళలోపు వ్రాసిన పల్లాడియుస్ అనే గ్రీకు రచయిత ఎఫ్రేమ్ గురించి చెప్పదలచుకున్నది ఈ ఒక్క ఉదంతమే. మరుసటి పంట చేతికి రాగానే అందరూ ఇండ్లకు పోయారు. ఆయన తన గదికి పోయారు. నెల తిరగకుండానే, 373 జూన్ 9న కన్నుమూశారు.

ఆయన పోయిన తరువాతి శతాబ్దంలో సురియానీ క్రైస్తవులు రెండుగా చీలిపోయినారు. పారశీకం వైపు ఒకరు, రోమ్ వైపు ఒకరు. ఇరువురూ ఎఫ్రేమ్‌ను వదలలేదు. 489లో చక్రవర్తి జెనో ఎదెస్సా విద్యాలయాన్ని మూయిస్తే అక్కడి గురువులు సరిహద్దు దాటి, ఒకప్పుడు ఎఫ్రేమ్ కన్నీటితో విడిచిన నిసిబిస్‌లోనే తలదాచుకున్నారు. కేరళకు శతాబ్దాలపాటు బిషప్పులు వచ్చినది ఈ పారశీకపు సంఘం నుంచే. 1599లో ఉదయంపేరూర్ సభలో పోర్చుగీసు ఆర్చిబిషప్పు సురియానీ గ్రంథాలను దిద్దించి, కొన్నిటిని తగులబెట్టించినా ఆ భాష కేరళలో చావలేదు. తరువాత అంతియొకయ సంప్రదాయం వచ్చినప్పుడు దానితోనూ ఎఫ్రేమే వచ్చారు. కొట్టాయంలో 1985లో వెలసిన సురియానీ పరిశోధనాలయానికి ఆయన పేరే పెట్టారు. అంతకు ముందే, 1920లో, పోప్ పదిహేనవ బెనెడిక్ట్ ఆయనను సార్వత్రిక మతాచార్యుల జాబితాలో చేర్చాడు. ఇటు రష్యాలో ఈస్టరుకు ముందటి ఉపవాస దినాలలో ఆయన పేర ఒక చిన్న ప్రార్థన చదువుతారు. 1836లో పుష్కిన్ దానిని పద్యం చేశాడు. అది ఎఫ్రేమ్ రచన కాదని పండితులు అంటారు, సురియానీ మూలం లేదు. మొక్కేవారికి అది పట్టలేదు.

అసలైన రచనలు దక్కటం వెనుక ఒక పన్నుల తగాదా వున్నది. ఈజిప్టు ఎడారిలోని సురియానీ మఠం సన్యాసుల మీద ప్రభుత్వం తలపన్ను వేయగా, దానిని రద్దు చేయించుకోవటానికి మఠాధిపతి 927లో బాగ్దాదు వెళ్ళాడు. అక్కడ పని అయ్యేదాకా ఊరికే కూర్చోక ఊళ్ళు తిరిగి గ్రంథాలు సేకరించాడు. 932లో 250 వ్రాతప్రతులతో తిరిగివచ్చాడు. ఎడారి పొడిగాలిలో అవి పాడుకాలేదు. పద్దెనిమిదవ శతాబ్దంలో వాటికన్‌కు, పందొమ్మిదవ శతాబ్దంలో లండన్‌కు తరలినవి. ఎఫ్రేమ్ గీతాల అతి పురాతన ప్రతులు వాటిలోనివే. ఆ మఠాధిపతి పేరు మోషే. ఊరు నిసిబిస్.

ఎదెస్సా సురియానీ క్రైస్తవులలో మిగిలినవారు 1924లో ఉర్ఫా విడిచి సిరియాలోని అలెప్పోకు వలసపోయినారు. నిసిబిస్‌ను మరొక ఒప్పందం రెండుగా కోసింది. 1921లో ఫ్రాన్సు, టర్కీలు బాగ్దాదు రైలు మార్గాన్నే సరిహద్దుగా నిర్ణయించుకున్నవి. పట్టాలకు ఉత్తరాన నుసైబిన్, టర్కీది. దక్షిణాన తరువాత వెలసిన కామిష్లీ, సిరియాది. నుసైబిన్‌లో బిషప్పు యాకోబు పేరిట పాత చర్చి కట్టడం ఒకటి వున్నది. మొదట అది జ్ఞానస్నాన మందిరం. 359లో కట్టినట్లు దాని గోడమీద గ్రీకులో చెక్కివున్నది. అప్పటికి ఎఫ్రేమ్ ఆ ఊరిలోనే పిల్లలకు చదువు చెబుతున్నారు. ఊరు చేయి జారటానికి ఇంకా నాలుగేళ్ళున్నది.